గరిటె చూపు

వియ్యంకులంటే ఎలా ఉండాలో లోకంలో ఒక పద్ధతుంది. ఎదురుపడితే "రండి బావగారూ" అంటూ పళ్ళికిలించాలి, వెనక్కి తిరిగాక పళ్ళు నూరుకోవాలి. ఆ ఫ్యాక్టరీ షెడ్డులోని వియ్యంకులిద్దరికీ అంత ఓపిక లేదు. వాళ్ళు ముఖాముఖీగానే అసహ్యించుకునేవారు. షిఫ్టంతా ఒకరికొకరు ఎదురుగా నిలబడే ఉద్యోగాలు కావడంతో ఆ అసహ్యానికి తుప్పు పట్టే తీరిక కూడా దొరకలేదు.

ఇద్దరిలో ఒకాయన్ని అందరూ మేస్త్రీ అంటారు. ఆయన పెళ్ళికొడుకు తండ్రి. మనిషి పొట్టి, మాట తక్కువ, ముఖం చూస్తే ఎవరో వచ్చి తన కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. రెండో ఆయన గంధకం. పెళ్ళికూతురి తండ్రి. చిన్న రవ్వ తగిలితే చాలు భగ్గుమంటాడు, ఆరిపోయాక కూడా చాలాసేపు ఘాటు వదలడు, అందుకే ఆ పేరు. పెట్టింది కూడా మేస్త్రీయే, గేటు బయట ఇద్దరూ ఒకే సిగరెట్టు పంచుకునే రోజుల్లో.

జనం వీళ్ళని ఉప్పూ నిప్పూ అనేవారు. తెలియక అన్న మాట. ఆ షెడ్డులో ఉప్పూ నిప్పూ ఒకే తొట్టిలో కాపురం చేస్తాయి.

షెడ్డు పొడవునా రెండు వరసల్లో తొట్లు. ఒక్కొక్కటీ మనిషి ఛాతీ ఎత్తు, లోపల ఇటుక గోడ, పైన ఇనప మూత. లోపలున్నది ఉప్పు. కూరలో వేసుకునే ఉప్పూ, దాని అన్నదమ్ముల్లాంటి మరో రెండు మూడు ఉప్పులూ కలిసి ఏడొందల డిగ్రీల దగ్గర కరిగి, ఎర్రగా మెరుస్తూ నీళ్ళలా కదులుతుంటాయి. అందులోకి బొగ్గు దిమ్మలూ ఉక్కు పలకలూ దించి కరెంటు పంపుతారు. ఆ దెబ్బకి ఉప్పు విడిపోతుంది. బొగ్గు దిమ్మ దగ్గర క్లోరిన్ బుడగలుగా లేచి గొట్టంలోకి పోతుంది. ఉక్కు పలక దగ్గర మెగ్నీషియం చుక్కలు చుక్కలుగా పుట్టి, ఒకదాన్నొకటి వెతుక్కుని కలుసుకుని, ఉప్పుకంటే తేలిక కాబట్టి పైకి తేలి మీగడలా కడుతుంది. వెండి మీగడ. దాన్ని గరిటెతో తీసి, అంటుకోకుండా పైన గంధకం పొడి చల్లి, అచ్చుల్లో పోయడమే వీళ్ళ పని.

వినడానికి బానే ఉంటుంది. అయితే ఆ తొట్టికి నీళ్ళంటే గిట్టదు. నాలుగు చుక్కల తడి ఉప్పు అడుగుకి వెళ్తే చాలు, అక్కడికక్కడే ఆవిరై, మీదున్న ఉప్పునంతా మనిషి ముఖాన విసిరికొడుతుంది. గరిటెకు అంటుకుని గట్టిపడిన ఉప్పు పెచ్చు ఇంకా దొంగది. నీళ్ళలో ముంచనక్కర్లేదు, గాలిలోని తేమను తనే తాగేస్తుంది. వానాకాలంలో గోడకు ఆనించిన గరిటె ఒక్క పూటలో చెమటలు కక్కుతుంది. అందుకని గరిటెలు ఎప్పుడూ వేడి మూతల మీదే పడుకోవాలి.

అది చాలదని పాతవాళ్ళు ఇంకో ఆచారం పెట్టారు. దాన్ని చూపు అంటారు. గరిటె ముంచే ముందు దాన్ని పైకెత్తి, బోర్లించి, ఎదురు వరసలో ఉన్న మనిషికి చూపించాలి. తన గరిటె మీద ఎవడికైనా నమ్మకం ఎక్కువ కాబట్టి, చూసే కళ్ళు వేరేవాడివి కావాలి. పెచ్చు తెల్లగా పిండిలా ఉంటే ఎదుటివాడు తల ఊపుతాడు. బూడిదరంగులో మెరుస్తుంటే ఊపడు. తల ఊపినవాడు అక్కడే, పొడి ఉప్పు నింపిన పార పట్టుకుని, పని అయ్యేదాకా నిలబడాలి. మెగ్నీషియం అంటుకుంటే నీళ్ళు పనికిరావు, ఆ పొడి ఉప్పు కప్పడం ఒక్కటే దారి.

అంటే మేస్త్రీ గరిటె ముంచితే వెనక పార పట్టుకునేది గంధకం. గంధకం ముంచితే మేస్త్రీ. మార్చమని ఇద్దరూ వేరువేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. "మీ పగలు ఇళ్ళలో పెట్టుకోండి. మీకు మించిన చేతులు నా దగ్గర లేవు," అన్నాడాయన. పొగడ్తలా వినిపించే శిక్ష అది.

పగకి కారణం ఒక్క మాట. గంధకానికి అన్నం డబ్బా తెచ్చే కూతురూ, మెగ్నీషియం దిమ్మల లారీ తోలే మేస్త్రీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్ళయింది. అన్నాళ్ళూ "ఒరేయ్" అని పిలుచుకున్న ఇద్దరూ ఒక్క రోజులో "బావగారూ", "మీరూ" అయిపోయి, పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నారు కూడా. కూతురు మేస్త్రీ ఇంటికి వచ్చింది. ఇల్లంటే రెండు గదులు, ఫ్యాక్టరీ గోడకు ఆనుకున్న సందులో. గాలి ఇటు మళ్ళితే కిటికీలోంచి క్లోరిన్ ఘాటు వస్తుంది. మొదటి వానాకాలానికే ఆ పిల్లకి దగ్గు పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో, అందరూ తింటుండగా, గంధకం వచ్చి మేస్త్రీ ఎదురుగా నిలబడ్డాడు.

"మా పిల్ల దగ్గుతోంది."

"వానలు కదా. అందరూ దగ్గుతున్నారు."

"అందరూ నీ కొంపలో ఉండరు. ఆ గదిలోనే కదా నీ పెళ్ళాన్ని దగ్గించి దగ్గించి చంపుకున్నావు. ఇప్పుడు నా పిల్లని కూడా మింగుతావా?"

క్యాంటీన్‌లో తలలన్నీ ఇటు తిరిగాయి. మేస్త్రీ డబ్బా మూత పెట్టి, లేచి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. భార్య పోయిన దగ్గర్నుంచీ తనలో తాను అనుకుంటున్న మాటే అది. ఎవరి చెవినా పడకుండా దాచుకున్నదాన్ని ఒకడు నలుగురిలో బయటికి లాగి పడేశాడు. దానికి క్షమాపణ లేదు. ఆ రోజు నుంచి రెండేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

ముఖాలు చూసుకోవడం కూడా మానేశారు. గంధకం గరిటె ఎత్తి షెడ్డు కప్పుకేసి చూస్తాడు. మేస్త్రీ గోడకేసి చూస్తూ తల ఊపుతాడు. మేస్త్రీ ఎత్తినా అంతే. చూపు ఉంది, చూడటం లేదు. ఇద్దరూ పనిలో ఆరితేరినవాళ్ళు కాబట్టి గరిటెలు ఎప్పుడూ పొడిగానే ఉండేవి, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో ఆ అలవాటు ముదిరిపోయింది.

ఇంట్లో మాత్రం మేస్త్రీ వేరే మనిషి. భార్య పోయాక ఆ రెండు గదుల్లో తండ్రీ కొడుకూ మాట్లాడే పని గోడలకే వదిలేసినట్టు బతికారు. కోడలు వచ్చాక గోడలకు ఆ అవసరం తీరిపోయింది. ఆ పిల్లకి నోరు ఊరుకోదు. "మావయ్యా, మీ చొక్కా విప్పి బయటే పెట్టండి, ఫ్యాక్టరీని ఇంట్లోకి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని గుమ్మంలోనే నిలదీస్తుంది. తినకుండా పడుకుంటే లేపి తిడుతుంది. మేస్త్రీ తిట్లు తిని, నవ్వు కనపడకుండా ముఖం అటు తిప్పుకుంటాడు. దారిలో వేడి వేడి రొట్టె కొని, అదేదో దారిన దొరికినట్టు గూట్లో పెడతాడు. ఈ లోకంలో ఆ మనిషికి ఆ తిట్లు తప్ప వేరే సంపద లేదు.

ఒక రాత్రి వాన పడుతోంది. అన్నాల దగ్గర కోడలు గొంతు సవరించుకుంది.

"మావయ్యా, ఒక మాట. ఒకటో తారీకుకి మేం నాన్న తీసుకున్న కొత్త ఇంటికి వెళ్దామనుకుంటున్నాం. ఊరి అవతల కదా, గాలి బావుంటుంది. నా దగ్గు తగ్గట్లేదు."

కొడుకు కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"మీరూ వస్తున్నారు. మీకో గది ఉంది," అంది కోడలు.

"మీ నాన్న ఇంట్లోనా?"

"మనింట్లో."

"చూద్దాంలే."

"చూద్దాం అంటే రానని. మీ భాష నాకు తెలీదా మావయ్యా? వస్తున్నారు, అంతే."

మేస్త్రీ చేయి కడుక్కున్నాడు. కోడలి మీద కోపం రాలేదు. కోపమంతా పోగై ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్ళింది. వాడు గెలిచాడు. క్యాంటీన్‌లో ఒక్క మాటతో మొదలుపెట్టి, ఓపిగ్గా రెండేళ్ళు పట్టి, తన ఇంటిని ఖాళీ చేయిస్తున్నాడు. ఇక పనినుంచి వచ్చేసరికి గుమ్మంలో తిట్టే మనిషి ఉండదు. ఈ ఒక్క సంగతితో మేస్త్రీకి తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

మర్నాడు షెడ్డులోకి రాగానే వినపడిందేమిటంటే, గంధకం పాడుతున్నాడు.

ఆ మనిషి పాడటం ఎవరూ ఎరగరు. గొంతు కాదు, ముక్కు. ఏదో పాత పాటని ముఖం మీది అద్దం ముసుగు కిందనుంచి ముక్కుతో లాగుతూ తన వరసలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కూతురు నిన్ననే ఆయనకి కూడా చెప్పి ఉంటుంది. మేస్త్రీకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

రాత్రి షిఫ్టువాళ్ళు గంధకం తొట్టిలో అరిగిన బొగ్గు దిమ్మని మార్చారు. మూత తీయాల్సి వచ్చి గరిటెను గోడకు ఆనించారు, మళ్ళీ మూత మీద పెట్టడం మరిచారు. బయట వాన. మామూలు రోజైతే గంధకం ఆ గరిటెను చూసి రాత్రి షిఫ్టువాళ్ళ ఏడు తరాలనూ తిట్టి, పెచ్చంతా కొట్టి రాల్చి, పూటంతా మూత మీద కాల్చి గానీ ముట్టుకునేవాడు కాదు. ఆ రోజు తిట్టాడు గానీ పాట మధ్యలో తిట్టాడు. గరిటెను మూత మీద పడేసి, కాసేపటికే తీసుకున్నాడు. సంతోషం ఆ మనిషికి అలవాటు లేదు, దానితో పని చేయడం చేతకాలేదు.

గరిటె ఎత్తాడు. బోర్లించాడు. అలవాటు ప్రకారం కప్పుకేసి చూశాడు.

అలవాటు ప్రకారం మేస్త్రీ గోడకేసి చూడాలి. కానీ ఆ పాట ఆగలేదు. ఆ పాట పాడుతున్న ముఖాన్ని ఒక్కసారి కసితీరా చూడాలనిపించి తల తిప్పాడు. ముసుగు అద్దం గడ్డం దాకా దించాల్సింది, గంధకం నుదుటి దగ్గరే వదిలేశాడు, కింద పెదాలు కదులుతున్నాయి. ఆ ముఖానికి ముందు గరిటె ఉంది. దాని మెడ దగ్గర, అరచేయంత మేర, పెచ్చు తెల్లగా లేదు. బూడిదరంగులో ఉంది. మెరుస్తోంది.

మేస్త్రీ చూశాడు. అదేమిటో ఆయనకి తెలుసు, అంతకంటే బాగా ఆ షెడ్డులో ఎవరికీ తెలీదు. చంపాలని అనుకోలేదు. అంత పెద్ద ఆలోచనకి అక్కడ చోటు లేదు. కాస్త చిటపటమంటుంది, నాలుగు చుక్కలు ఎగిరి చొక్కా మీద పడతాయి, ఉలిక్కిపడి వెనక్కి దూకుతాడు, పాట ఆగుతుంది. ఆ పాట ఆగితే చాలు.

తల ఊపాడు.

ఆపడానికి వ్యవధి ఉంది. అది మనం ఒప్పుకోవాలి. గంధకం గరిటె దించాడు, మూతకున్న చిన్న తలుపు కొక్కెంతో లాగాడు, కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకున్నాడు. "ఆగు" అంటే సరిపోయేది. రెండు అక్షరాలు. రెండేళ్ళుగా ఆ మనిషితో ఒక్క మాటా అనని నాలుక పైకి లేవలేదు.

గరిటె మునిగింది. పెద్ద గోనె సంచి చిరిగినట్టు ఒక శబ్దం. ఎర్రటి ఉప్పు తొట్టిలోంచి నిలువునా లేచి కప్పును తాకి కిందికి వచ్చింది. దానితో పాటు పైకి వచ్చిన మెగ్నీషియం గాలి తగలగానే అంటుకుంది. ఆ తెలుపు చూసినవాళ్ళు చాలాసేపు ఇంకేమీ చూడలేరు. గంధకం రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, మండుతున్న ముద్ద పక్కనే పడి ఉన్నాడు.

"బావగారూ!" అని అరిచింది మేస్త్రీయే. అరిచి దూకాడు. పారలోని ఉప్పంతా మంట మీద కుమ్మరించి, చాలక, చేతి తొడుగులతోనే ఇంకా ఇంకా తోసి, కాలర్ పట్టుకుని ఆ మనిషిని గోడదాకా ఈడ్చుకొచ్చాడు. తొడుగులు మాడి చేతులకు అతుక్కుపోయాయి. మిగతావాళ్ళు వచ్చేసరికి మంట ఆరిపోయింది, మేస్త్రీ గంధకం తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ క్షణం నుంచి ఆయన వీరుడైపోయాడు.

ఇంజనీరు ఆసుపత్రికి వచ్చి, కట్లు కట్టిన చేతిని పట్టుకుని ఊపబోయి, నాలిక్కరుచుకుని భుజం తట్టాడు. షెడ్డు మనుషులు పళ్ళు తెచ్చారు. కొడుకు లారీ ఎక్కడో వదిలేసి పరిగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇక కోడలి సంగతి చెప్పనక్కర్లేదు. వచ్చినవాళ్ళకల్లా "మావయ్య లేకపోతే ఇవాళ మా నాన్న లేడు" అని చెప్పేది. గంధకానికి ఒక కన్ను పోయింది. రెండోదాని సంగతి కట్టు విప్పాక గానీ చెప్పలేమన్నారు డాక్టర్లు.

సేఫ్టీ ఆఫీసరు విచారణకు వచ్చాడు. గంధకం మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. మేస్త్రీని కూడా పిలిచారు. కోడలు తండ్రి తలగడ సర్దుతోంది.

"గరిటె చూపించావా?" అని అడిగాడు ఆఫీసరు.

"లేదు," అన్నాడు గంధకం. "నా పొగరు. చూపించకుండానే ముంచాను. ఆయన తప్పేం లేదు."

మేస్త్రీ తలెత్తి గంధకం కట్ల వైపు చూశాడు. ఆఫీసరు ఇటు తిరిగాడు. "అంతేనా?"

కోడలు చూస్తోంది. ఆ కళ్ళలో ఉన్న నమ్మకం ఎవరికైనా జన్మలో ఒకసారి దొరికితే గొప్ప. మేస్త్రీ తల ఊపాడు. తెలిసి తెలిసి తల ఊపడం ఆ వారంలో అది రెండోసారి.

తప్పు గంధకానిదే అని తేల్చేశారు. ఆయన ఉద్యోగం పోయింది, దానితో అద్దె కట్టే దారి లేక కొత్త ఇల్లూ పోయింది. ఒకటో తారీకు వచ్చింది. మేస్త్రీ ఇంట్లోంచి ఎవరూ వెళ్ళలేదు. ఆయన కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. పైగా ఇంకో మనిషి వచ్చి చేరాడు. రెండో కన్ను కూడా దక్కక, కళ్ళకు కట్లతో, కూతురి భుజం పట్టుకుని, గంధకం ఆ గుమ్మంలోకి అడుగుపెట్టాడు. మేస్త్రీ తన మంచం ఇచ్చి, చాప మీదికి మారాడు.

ఒకడికి చేతులు లేవు, ఒకడికి కళ్ళు లేవు. కోడలు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకే కంచంలో కలిపి, అటో ముద్ద ఇటో ముద్ద పెట్టేది. "ఇప్పుడైనా ఒక మాట మాట్లాడుకోండి, నోళ్ళు రెండూ బానే ఉన్నాయిగా," అని ఎత్తిపొడిచేది. మాట్లాడేవారు కాదు. గంధకం ఆ కట్ల కిందనుంచే కిటికీ వైపు ముక్కు ఎగరేసి, "కంపు," అనేవాడు గోడతో. మేస్త్రీకి ఒళ్ళు మండేది. అదే క్షణంలో కోడలు తన నోటికి ముద్ద అందించేది. ఆ ముద్ద దిగేది కాదు. తన వల్ల కళ్ళు పోగొట్టుకున్నవాడి కూతురి చేతి ముద్ద. నీళ్ళు తాగి మింగేవాడు. పక్కింటివాళ్ళు వస్తే మళ్ళీ "మావయ్య లేకపోతే" మొదలయ్యేది. ఆపమని కసిరితే, "చూశారా, మా మావయ్యకి పొగిడితే గిట్టదు," అని ఇంకాస్త ముచ్చటపడేది. ఇంతకంటే ఎవరైనా రోజూ వచ్చి చెంపలు వాయించి వెళ్తే హాయిగా ఉండేది.

ఒక మధ్యాహ్నం కోడలు బిందె తీసుకుని సందు చివరి కుళాయికి వెళ్ళింది. కొడుకు లారీ మీద ఊళ్ళో లేడు. గదిలో ఇద్దరే.

"ఉన్నావా?" అన్నాడు గంధకం.

మేస్త్రీ పలకలేదు.

"ఉన్నావు. నీ ఊపిరి నాకు తెలుసు. ఎన్నేళ్ళు విన్నాను."

"ఉన్నాను."

"ఆఫీసరుకి అలా చెప్పింది నీ కోసమనుకుంటున్నావేమో. కాదు. నాకెలాగూ కళ్ళు పోయినట్టే, ఉద్యోగమూ పోతుందని అప్పటికే తెలుసు. నీది కూడా పోతే నా పిల్లకి నిలువ నీడ ఉండదు. అందుకు చెప్పాను. నీ మీద నాకు జాలీ లేదు, గౌరవమూ లేదు."

"నేనడగలేదు."

"నీ భార్య గురించి అన్న మాట తప్పు. అది నాకు తెలుసు. అయినా నీకు క్షమాపణ చెప్పను."

"చెప్పొద్దు."

గంధకం మంచం పట్టెను వేళ్ళతో తడుముతున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో ఘాటు లేదు.

"ఒక్కటి తెలియాలి నాకు. పగలూ రాత్రీ ఒకటే అయ్యాక ఇంకో పని లేదు, దీని గురించే ఆలోచిస్తున్నాను. ఆ రోజు నేను గరిటె చూపించాను. నేను కప్పుకేసి చూస్తున్నాను. నువ్వు రోజూలాగే గోడకేసి చూస్తూ తల ఊపావు. అంతే కదా? నువ్వు చూడలేదు కదా?"

సమాధానం కూడా గంధకమే వండి, చల్లార్చి, మేస్త్రీ నోటి దగ్గర పెట్టాడు. మింగితే చాలు. "చూడలేదు" అంటే అయిపోతుంది. తప్పు సగం సగం అవుతుంది, ఇద్దరి పొగరు మీదికీ పోతుంది, కోడలు ఈ ఇంట్లోనే ఉంటుంది, సాయంత్రాలు తిడుతూనే ఉంటుంది. మేస్త్రీకి ఇదంతా స్పష్టంగా కనపడింది. దానితో పాటు, ఇక బతికినన్నాళ్ళూ ఈ మనిషి పెట్టిన భిక్ష తింటూ, ఈ మనిషి కూతురి చేతి ముద్ద మింగుతూ కూర్చోవాలని కూడా కనపడింది. నిజం చెప్పించింది మంచితనమో, పగో, ఆయనకే తెలీదు.

"చూశాను," అన్నాడు.

"ఏం చూశావు?"

"మెడ దగ్గర పెచ్చు తడిగా ఉంది."

"చూసి?"

"తల ఊపాను."

గుమ్మం దగ్గర బిందె నేలకు తగిలిన చప్పుడైంది. కోడలు ఎప్పుడొచ్చిందో ఇద్దరూ వినలేదు. బిందె పడెయ్యలేదు, దించింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏం తల ఊపారు మావయ్యా?"

మేస్త్రీ కట్లు కట్టిన చేతులు ముందుకు చాచాడు. "పెద్దది అవుతుందనుకోలేదమ్మా. కాస్త చిటపటంటుందనుకున్నాను. నాలుగు చుక్కలు చొక్కా మీద పడి..."

"నాలుగు చుక్కలు మా నాన్న మీద పడాలనుకున్నారు."

"పాట పాడుతున్నాడు." ఆ మాట బయటికి వచ్చాక అదెంత చిన్నదో ఆయనకే వినపడింది. "మీరు వెళ్ళిపోతారని. నువ్వు వెళ్ళిపోతావని."

"మిమ్మల్ని రమ్మన్నాను కదా," అంది కోడలు. గట్టిగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అంది. "మీకో గది ఉందన్నాను కదా మావయ్యా."

ఆవిడ తిడుతుందని మేస్త్రీ ఎదురుచూశాడు. తిడితే బావుండుననుకున్నాడు. తిట్టలేదు. గంధకం భగ్గుమంటాడనుకున్నాడు, అదీ లేదు. ఆ మనిషి మంచం దిగి, కాళ్ళతో చెప్పుల కోసం నేలంతా తడుముతున్నాడు. మేస్త్రీ తన కాలితో ఒక చెప్పును అటు జరిపాడు. కోడలు వంగి, దాన్ని తీసి, తనే తండ్రి కాలికి తొడిగింది. రెండోది కూడా తొడిగింది. మందుల సంచి చంకకు తగిలించుకుంది. తండ్రి చొక్కా గుండీలు పెట్టింది.

"ఎక్కడికమ్మా ఈ వానలో?" అన్నాడు మేస్త్రీ.

"మీ అబ్బాయికి నేనే చెప్తాను," అంది కోడలు, ఆయన వైపు చూడకుండా. "మీరు చెప్పకండి. మీ నోటితో ఇంకోసారి వినలేను. లే నాన్నా."

గంధకం ఆమె భుజం మీద చేయి వేశాడు. ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళారు. ఆ ఇంటి గుమ్మం బయట ఒక ఎత్తు మెట్టు, దాని కింద సందు, వాన నీళ్ళు పారుతున్నాయి. కోడలు గొడుగు తెరవడానికి ఒక్క క్షణం పక్కకి జరిగింది. గంధకం ఒక్కడే గడప మీద నిలబడి, కాలు ముందుకు చాచాడు.

"మెట్టుంది, చూసుకో," అన్నాడు మేస్త్రీ.

గంధకం కాలు గాలిలోనే ఆగిపోయింది. కిందికి పెట్టలేదు, వెనక్కీ తీసుకోలేదు. తల కూతురున్న వైపు తిప్పాడు.

"అమ్మా, ఇక్కడ మెట్టుందా?"

"ఉంది నాన్నా," అంది కోడలు.

అప్పుడు దిగాడు.